మా గల్లీ గుండిగ

మొన్నటిదాకా మా వంటింటి తలుపు వెనక ఒక ఇనుప గంటె నిలబెట్టి ఉండేది. నా భుజం దాకా వచ్చేది. పనిచేసే అమ్మాయి ఊడ్చేటప్పుడల్లా అది జారి ఆమె కాలి మీద పడేది, ఆమె నన్ను తిట్టుకునేది, నేను వినపడనట్టు ఊరుకునేదాన్ని. ఇద్దరికి వండుకునే ఇంట్లో ఇంత గంటె ఎందుకని అడగనివాళ్లు లేరు. మా ఆయన అడిగి అడిగి విసుగొచ్చి మానేశాడు.

పోయిన వారం ఒక పొద్దున టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. తెలియని నంబరు.

"అత్తా, నేను మేస్త్రీ తాత మనుమణ్ణి. ఎర్రగడ్డల మా పాత ఇల్లు కూలగొడ్తున్నం. మీ గుండి బయటికొచ్చింది. మీరొస్తరా, లేకుంటే పాత ఇనుప సామాన్లాయనకు ఇచ్చెయ్యాల్నా?"

వస్తానన్నాను.

మా గల్లీ అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక, బల్కంపేట వైపు పోయే దారిలో ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద బిల్డింగు ఉంది. దాని నిండా కంప్యూటర్ కోచింగ్ బోర్డులు, కింద జిరాక్సు, పక్కన ఇడ్లీ బండి. పాంప్లెట్లు పంచే పిల్లలు నాకు కూడా ఒకటి చేతిలో పెడతారు. ఈ వయసులో నేను ఏం నేర్చుకుంటానని ఇస్తారో! అప్పుడు అక్కడ రెండు వరసల పెంకుటిళ్లు, మధ్యలో మోరీ, మా గోడ పక్కన ఒకే ఒక్క నల్లా. పొద్దున్నే పొయ్యిల పొగ, మోరీ కంపు, ఎవరింట్లోనో వేగుతున్న ఎండు మిరపకాయల ఘాటు అన్నీ కలిసి వచ్చేవి. ఆ వాసన బాగుండేదని అబద్ధం చెప్పను. కానీ ఎక్కడ తగిలినా గుర్తుపట్టగలను.

గల్లీకంతటికీ కలిపి ఒక రాగి గుండిగ ఉండేది. అందరూ గుండి అనేవాళ్లు. నేను పుట్టకముందే ఇంటింటికీ చందా వేసుకుని కొన్నారట. అంచు మీద చుక్కల అక్షరాలతో "గల్లీ సొమ్ము" అని కొట్టించారు. మనుషుల పేర్లు కొట్టించలేదు. దానితోపాటు సిబ్బి, అంటే మూత, కింద పెట్టే ముక్కాలి, కలిపే ఈ గంటె. పెళ్లయినా చావయినా అందులో అన్నం వండాల్సిందే. ఎవరు అడిగినా కాదనడానికి లేదు. ఒకటే కట్టుబాటు. వాడుకున్నవాళ్లు తోమి తిరిగి తెచ్చేటప్పుడు ఖాళీగా తేకూడదు, అందులో గుప్పెడు బియ్యం వేసి తేవాలి. పెళ్లివారైనా అంతే, శవం లేచిన ఇంటివారైనా అంతే.

అది మా ఇంట్లోనే ఉండేది, మా నాయనమ్మ అధీనంలో. ముందర అర్రలో సగం అదే ఆక్రమించుకునేది. ఏడాదికోసారి కళాయి పోసే సాయిబు వచ్చి గల్లీ మొదట్లో గుంట తవ్వి బొగ్గులు రాజేసేవాడు. నవాసారం పొగ ముక్కులోకి పోతే కళ్లవెంట నీళ్లొచ్చేవి, అయినా పిల్లలెవరం అక్కణ్నుంచి కదిలేవాళ్లం కాదు. తగరం పోసి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే నల్లటి లోపలి భాగం తెల్లగా మెరిసేది. నాయనమ్మ దాని మీద వంగి తన ముఖం చూసుకుని, "ముసల్దాన్నైన" అని ప్రతి ఏడూ కొత్తగా ఆశ్చర్యపోయేది.

మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తే గుండిగ నాది. అందులో తల దూర్చి బస్సు కాకను తిట్టేదాన్ని. బస్సు కాక అంటే ఎదురింటాయన, సిటీ బస్సు డ్రైవరు. నా గోళీలు మోరీలోకి తన్నేశాడని కోపం. తిట్లన్నీ గుండిగలో గిర్రున తిరిగి నా చెవులకే కొట్టేవి. ఒకసారి అందులోనే ముడుచుకుని పడుకుని నిద్రపోయాను. గల్లీ అంతా నాకోసం వెతికింది. చివరికి నన్ను పట్టుకున్నది ఆ బస్సు కాకే. చెవి మెలేసి బయటికి లాగి, "గుండిల బియ్యం ఉంటయనుకున్న, గీ పందికొక్కున్నది" అన్నాడు.

వంటనాడు మా పిల్లలకు కావలసింది అన్నం కాదు, అడుగున పట్టిన మాడు. పెద్దలందరూ తిన్నాక నాయనమ్మ గంటెతో గీకి, తలా ఇంత ముద్ద చేసి, పైన పప్పుచారు పోసి ఇచ్చేది. చేదుగా, పొగ వాసనతో, కరకరలాడుతూ ఉండేది. చావింట్లో కూడా దానికోసం కొట్టుకునేవాళ్లం. మా తాత పోయినప్పుడూ కొట్టుకున్నాం. ఆ రోజు గల్లీ పొడుగునా చాపలు పరిచి, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు. ఆ పంక్తిని నాయనమ్మ గడపలో కూర్చుని చూసింది. ఏడుపు ఆపింది అప్పుడేనని అమ్మ చెప్పేది.

గల్లీ మధ్య ఇంట్లో టీచరుగారు ఉండేవారు. గోదావరి వైపు నుంచి వచ్చి, మొదట మా గల్లీ ఇళ్లు కట్టిన మేస్త్రీ తాత ఇంట్లో అద్దెకు దిగి, తర్వాత పక్కిల్లు కొనుక్కున్నారు. ఏంటండీ, ఎలాగండీ అనే ఆయన మాట తీరును మేం అనుకరించి నవ్వేవాళ్లం. వాళ్లమ్మగారు పోయినప్పుడు ఊరి నుంచి బంధువులు సమయానికి రాలేకపోయారు. ఎవరూ అడగకుండానే బస్సు కాకా, మేస్త్రీ తాతా గుండిగకు కర్ర దూర్చి మోసుకెళ్లి ఆయన వాకిట్లో దించారు. మర్నాడు ఆయన తిరిగి తెచ్చినప్పుడు అందులో బియ్యం నిండా పోసి ఉన్నాయి. "గుప్పెడు చాలు సారూ" అంది నాయనమ్మ. ఆయన కండువా కళ్లకద్దుకున్నారు.

గల్లీని అమ్మేసే మాట ఒక వానాకాలం మొదలైంది. అంతా కలిపి ఇస్తేనే తీసుకుంటానన్నాడు కొనేవాడు. ఒక్క ఇల్లు కాదన్నా బేరం లేదు. రోజూ సాయంత్రం మగవాళ్లు డ్యూటీలు దిగి నల్లా దగ్గర చేరేవాళ్లు. ఆడవాళ్లు గడపల్లో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అక్కణ్నుంచే మాట కలిపేవాళ్లు.

"ఒక్క అర్రల ఆరుగురం పండుకుంటున్నం. వానొస్తే మోరీ నీళ్లు ఇంట్లకే. పిల్లలు పెద్దగైతున్నరు. ఇంకెన్నొద్దులు గిట్ల?" అన్నాడు బస్సు కాక.

"నేను లేపిన గోడలివి. నా కండ్ల ముంగటనే కూలగొట్టిపిస్తవా?" అన్నాడు మేస్త్రీ తాత.

"గోడల కోసమని గీ మోరీల సస్తమా తాతా?"

మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆమెకు సొంత స్నానాలగది కావాలి. ఆ సంగతి మా బాపుకు తెలుసు, అందుకే ఆయనా మాట్లాడలేదు. ఇలా కొన్ని సాయంత్రాలు గడిచాక అందరి చూపూ నాయనమ్మ మీదికి తిరిగింది. ఆమె కాదంటే మేస్త్రీ తాత కూడా కాదంటాడని అందరికీ తెలుసు.

"పొండ్రి," అంది నాయనమ్మ. "ఇంటి మీద నాకేం మోజు లేదు. ఒక్కటే అడుగుత. నేను సచ్చినంక నా దినాలకు మీరందరు రావాలె. గీ గుండిలనే బువ్వ వండాలె. మా ముసలాయన పోయినప్పుడు కూసున్నట్టు ఒక్క పంక్తిల కూసుండి తినాలె. గంతే."

అందరూ ఒక్కసారే మాటిచ్చారు. బస్సు కాక అయితే ఆమె చేతిలో చెయ్యేశాడు. నాకు ఆ చెయ్యి వెయ్యడం ఇప్పటికీ కనిపిస్తుంది.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. గుండిగ ఎవరి దగ్గర ఉండాలి? మాకు దొరికింది సనత్‌నగర్‌లో రెండో అంతస్తులో రెండు గదులు, మెట్ల మీద అది ఎక్కదు. టీచరుగారు బల్కంపేటలో గుడికి ఇచ్చేద్దామన్నారు. "అక్కడైతే ఎవరికి కావాలన్నా అడిగి తెచ్చుకోవచ్చండీ. చెక్కుచెదరకుండా ఉంటుంది."

"గుడికి ఇస్తే గుడిది అయితది. గల్లీది ఎట్లైతది?" అని కొట్టిపారేశాడు బస్సు కాక.

అప్పుడు మేస్త్రీ తాత లేచాడు. బక్కపల్చటి మనిషి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ సిమెంటే. "ఒక్కని దగ్గర పెడితే మిగిలినోళ్లు మర్శిపోతరు. గుండి నేను తీస్కపోత, నాకు ఎర్రగడ్డల జాగ ఉంది. సిబ్బి డ్రైవరింట్ల, ముక్కాలి సారు తాన, గంటె వదినె తాన. ఎవరింట్ల ఏం పని వడ్డా నలుగురు కలిస్తెనే పొయ్యి వెలుగుతది. రాక ఏడికి పోతరు?"

గల్లీ గల్లీ అంతా ఆ మాటకు మురిసిపోయింది. చప్పట్లు కూడా కొట్టారు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే. టీచరుగారు ఒక్కరే నెమ్మదిగా, "ఒక్కరికి రావడం కుదరకపోతే మిగతా ముగ్గురి దగ్గర ఉన్నదీ పనికిరాకుండా పోతుంది కదండీ" అన్నారు.

"సారుకు మన మీద నమ్మకం లేదుర భాయ్!" అన్నాడు బస్సు కాక. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, ముక్కాలి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లారు. నాకిప్పుడు ఆ నవ్వులు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అంత ప్రేమగా, అంత తెలివితక్కువగా ఇంకెవరైనా విడిపోయి ఉంటారా?

సనత్‌నగర్ ఇంట్లో అమ్మకు స్నానాలగది వచ్చింది. నాయనమ్మకు కూర్చోవడానికి గడప పోయింది. గంటెను మంచం పక్కన గోడకు ఆనించుకుని, నెలకోసారి నా చేత చింతపండుతో తోమించేది. ఇనుప గంటెకు చింతపండెందుకని అడిగితే, "తోమమన్న, అడగమన్ననా?" అనేది.

మొదటి శుభకార్యం బస్సు కాక కూతురి పెళ్లి. పంజాగుట్టలో ఫంక్షన్ హాలు. నాయనమ్మ గంటెను పాత చీరలో చుట్టి, ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని బయల్దేరింది. బాపు వద్దంటే విన్లేదు. తీరా వెళితే వంటలన్నీ కాంట్రాక్టు, తెల్ల టోపీల మనుషులు నిలబడి వడ్డిస్తున్నారు. గుండిగ లేదు, సిబ్బి లేదు, ముక్కాలి లేదు. ఎవరూ వాటి మాటే ఎత్తలేదు. ఆమె ఎర్ర కుర్చీలో, ఒళ్లో ఆ చీర మూటతో కూర్చుంది. ఒకడు వచ్చి, "అమ్మమ్మా, అదేంది, పిల్లలకు తగుల్తది, ఆ మూలకు పెట్టు" అన్నాడు. ఆమె పెట్టలేదు. ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి తినడం చేతకాక తినలేదు కూడా.

అక్కడే మేస్త్రీ తాత కనపడ్డాడు. బాగా చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు.

"గుండి పైలమేనా?" అని అడిగింది నాయనమ్మ.

"ఫికర్ వద్దు వదినె. ఇల్లు కడ్తున్న. ఎవ్వడు తీస్కపోలేని కాడ వెట్టిన దాన్ని."

ఆ మాటతో ఆమె ముఖం వికసించింది. ఇంటికొచ్చేదాకా అదే చెప్పుకుంది. "గాయన మాట మాటే" అంది. ఆ రోజు పెళ్లిలో ఆమెకు దక్కింది ఆ మాట ఒక్కటే.

మేస్త్రీ తాత పోయిన సంగతి మాకు అన్నీ అయిపోయాక తెలిసింది. ఎవరు ఎవరికి చెప్పాలనుకున్నారో, చివరికి ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. తర్వాత ఏడాది తిరగకుండా ఆమె మంచం పట్టింది. మాట సరిగ్గా రాని రోజుల్లో కూడా బాపు చెయ్యి పట్టుకుని, "గుండికి కళాయి పోయిపిచ్చినవా?" అనేది. పోయించానని బాపు అబద్ధం చెప్పేవాడు. ఆమె నమ్మి కళ్లు మూసుకునేది. ఒక మధ్యాహ్నం అలా మూసుకున్న కళ్లు ఇంక తెరవలేదు.

దినాలకు ముందురోజు బాపు నన్ను వెంటబెట్టుకుని ఎర్రగడ్డ వెళ్లాడు. కళాయి పోసే మనిషిని కూడా మాట్లాడి ఉంచాడు. మేస్త్రీ తాత పెద్దకొడుకు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి, వెనక ఒక చిన్న అర్ర చూపించాడు. చీకట్లో గోడ నుంచి గోడ దాకా గుండిగ. ద్వారం దాని కంటే సన్నం. కిటికీకి ఇనుప ఊచలు.

"లోపల వెట్టి చుట్టు గోడ లేపిండన్నా మా నాయిన. మేం అమ్ముకుంటమని ఆయనకు భయం. గందుకే దర్వాజ గింత సన్నం వెట్టిండు. సచ్చేదాంక అర్ర తాళం ఆయన తాన్నే, మాకు సుత తెల్వది."

బాపు భుజం మీది తువాలు తీసి ద్వారం వెడల్పు కొలిచాడు, తర్వాత గుండిగ మూతి కొలిచాడు. పక్కకు వంచితే వస్తుందేమోనని నన్ను ఒకవైపు పట్టుకోమన్నాడు. రాలేదు. దాని బొజ్జ ఎటు తిప్పినా అంతే.

"గోడ తీద్దాం తమ్మీ. నేనే మళ్ల కట్టిపిస్త."

"దాని మీద స్లాబుందన్నా. పైన కిరాయిదార్లు పిల్లలతోని ఉన్నరు. గోడ తీస్తే కిందికొస్తది."

బాపు తువాలు మళ్లీ భుజాన వేసుకుని, "పొయ్యి గీ అర్రలనే పెడితే?" అన్నాడు. అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. ఆ ఇరుకు అర్రలో, పైన పిల్లలుండగా, అంత మంట ఎట్లా పెడతారు? మా బాపు ఏడవడం నేను మొదటిసారి చూసింది నాయనమ్మ పోయిన రోజు కాదు, ఆ అర్ర ముందు.

మర్నాడు టెంటు హౌసు నుంచి అల్యూమినియం డేగిసలు కిరాయికి తెచ్చారు. అందరికంటే ముందు వచ్చింది టీచరుగారు. పంజాగుట్ట నుంచి ఆటోలో, ముక్కాలిని మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, పంచె నిండా తుప్పు మరకలతో దిగారు. బస్సు కాక రాలేదు. డ్యూటీ అని చెప్పి కొడుకుతో సిబ్బి పంపాడు. ఆ పిల్లవాడు స్కూటర్ దిగకుండానే అది నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. డేగిస మీద పెడితే సిబ్బి చుట్టూ జానెడు బయటికొచ్చింది, ఒక పక్కకు ఒరిగిపోయింది. అమ్మ దాని మీద ఇటుక పెట్టింది. గంటె డేగిస అడుగుకు కొట్టుకుని సొట్టలు పడుతుంటే వంటమనిషి దాన్ని అవతల పారేసి తన చిన్న గరిటె తెచ్చుకున్నాడు.

గల్లీవాళ్లు వచ్చారు. రాలేదనను. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఫోటోకు దండం పెట్టి, నిలబడి నాలుగు మెతుకులు తిని, బస్సు ఉందనో, బడి ఉందనో వెళ్లిపోయారు. ఒకరు వచ్చేసరికి ఒకరు లేరు.

టీచరుగారు తినలేదు. అపార్ట్‌మెంటు కింద మేం పరిచిన చాప మీద ఒక చివర బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా విస్తరి. బాపు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మామ్మగారు పంక్తి అన్నారు కదండీ. ఇంకెవరైనా రానీండి."

ఎండ చాప మీది నుంచి గోడ మీదికి పోయింది. ఎవరూ రాలేదు. చివరికి బాపు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన పక్కన నేను. నా పక్కన అమ్మ, తనకు తనే వడ్డించుకుని. మిగతా చాప అంతా ఖాళీ. టీచరుగారు అప్పుడు మొదటి ముద్ద కలుపుకున్నారు. డేగిస అడుగు మాడింది గానీ ఆ మాడు నేను అడగలేదు.

నాయనమ్మ గుండిగ వస్తుందని నమ్ముతూనే పోయింది, అదొక్కటే నయమని అమ్మ అనేది. నయమో కాదో నాకు ఇన్నేళ్లయినా తేలలేదు.

మొన్న ఎర్రగడ్డ వెళ్లేముందు గుండిగ తీసుకుంటారా అని నాకు తోచినవాళ్లనల్లా అడిగాను. ఒక గుళ్లో స్టీలువి ఉన్నాయన్నారు, రాగికి కళాయి పోసేవాళ్లేరీ అన్నారు. నిజమే, ఎక్కడున్నారు? మా అపార్ట్‌మెంటు మీటింగులో సెల్లార్ మూల పెట్టనిమ్మంటే పార్కింగుకు అడ్డమన్నారు. ఒకావిడ మాత్రం అందులో మట్టి పోసి గేటు దగ్గర మొక్క పెడితే భలే ఉంటుందండీ అంది. ఆవిడ మంచిదే. నేనే లేచి వచ్చేశాను.

గంటె తీసుకుని వెళ్లాను. అర్ర గోడలు లేవు. ఇటుక ముక్కల మధ్య, ఎండలో గుండిగ కూర్చుని ఉంది. పచ్చగా చిలుం పట్టింది. అంచు మీద వేలితో రుద్దితే "గల్లీ సొమ్ము" తగిలింది. పాత సామాన్లాయన ట్రాలీ ఆటో పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"ఇందుల ఎందరికి వండుతుండిరి అత్తా?" అన్నాడు మనుమడు.

"గల్లీ అంతటికి."

"గిప్పుడు వాళ్లంత ఏడున్నరు?"

టీచరుగారు పోయారు. బస్సు కాక పోయాడు, సిబ్బి ఏమయిందో వాళ్ల పిల్లలకు తెలియదు. మిగతావాళ్లు ఎక్కడున్నారో నాకు నిజంగా తెలియదు. ఆ పిల్లవాడికి అదే చెప్పాను.

చేతిసంచిలో బియ్యం తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే నాకు తెలుసు. గంటెను గుండిగలో ఆనించి, గుప్పెడు బియ్యం అందులో పోశాను. ఆ చప్పుడు గిర్రున తిరిగింది. మా కట్టుబాటు ప్రకారం అంతవరకే నా పని. తర్వాత దాన్ని ఎవరికో ఒకరికి తిరిగి అప్పజెప్పాలి. చుట్టూ చూశాను. తీసుకోవడానికి ఉన్నది పాత సామాన్లాయన ఒక్కడే.

"తీసుకుపో నాయనా," అన్నాను. "బియ్యం మాత్రం దార్లో పారబొయ్యకు."

"సరే అమ్మా" అన్నాడు ఆయన, బీడీ ఆర్పేసి. ఆయనా, మనుమడూ కలిసి ఎత్తి ఆటోలో పెట్టారు. అది సందు మలుపు తిరుగుతున్నప్పుడు గంటె గుండిగకు తగిలి ఖంగుమన్న మోత నాకు వినిపించింది. ఆయన మాట నిలబెట్టుకుంటాడో లేదో చూడదలచుకోలేదు. నేను ఇటు తిరిగి మెట్రో మెట్లెక్కాను.